మనలో మనకి థాంక్సేంటి?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి ఏడో తరగతి. మా అత్తగారు మాతోనే ఉంటారు. బయటి నుంచి చూసేవాళ్ళకి మా ఇంట్లో ఏ లోటూ కనపడదు. కానీ కొన్నాళ్ళుగా నాకు అందరి మీదా చిరాకే. రాత్రిపూట నిద్ర కూడా సరిగా పట్టడం లేదు.

రోజూ పడుకునే ముందు మూడు మంచి విషయాలు రాసుకుంటే మనసు తేలికపడుతుందని ఒక వీడియోలో విన్నాను. నోట్‌బుక్ కొని రెండు నెలలు వదలకుండా రాశాను. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత ఏ రోజు చూసినా ‘ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం’ అనే రాస్తున్నాను. రాస్తుంటే హాయిగా ఉండాల్సింది పోయి, ఏదో తప్పు చేసినట్టు ఉంటోంది. ఇన్ని ఉండి కూడా నాకెందుకీ ఏడుపు అనిపిస్తోంది. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్పడం అలవాటు చేసుకోమని కూడా ఆ వీడియోలో చెప్పారు. ఒకరోజు మా ఆయనతో ‘థాంక్యూ అండీ’ అన్నాను. ‘ఏంటీ, డబ్బులేమైనా కావాలా?’ అని నవ్వేశారు. మళ్ళీ నోరు తెరవలేదు.

ఆయన ఆదివారం రాత్రి నా బండిలో పెట్రోలు కొట్టించి తెస్తారు, అంతే, ఇంట్లో ఇంకో పని ముట్టరు. అత్తగారు నేను లేచేసరికి చిక్కుడుకాయలకి ఈనెలు తీసి, మూత పెట్టి ఉంచుతారు. కానీ చుట్టాలెవరొచ్చినా ‘నేను లేకపోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో’ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చేసేది ఎవరికీ కనపడదా? నాతో ఎవరూ ఒక మంచి మాట అనరు. నేను మాత్రం అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ తిరగాలా? అలా చెబితే లోకువైపోనా?
– పేరు వద్దు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చిక్కుడుకాయల దగ్గర ఆగిపోయాను.

రెండు నెలలు రాసినదంతా కలిపితే మూడు మాటలే మిగిలాయన్నారు. ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం. ఆ మూడూ ఏ ఇంట్లోవాళ్ళైనా రాసుకోవచ్చు. మీ ఇంటివని చెప్పే గుర్తు వాటిలో ఒక్కటీ లేదు. అదే, కోపంగా రాసిన ఆఖరి పేరా చూడండి. అందులో ఈనెలు తీసిన చిక్కుడుకాయలున్నాయి, వాటి మీద మూత ఉంది, పెట్రోలు కొట్టించిన బండి ఉంది. నోట్‌బుక్‌లో రాయాల్సినవి ఫిర్యాదులో వచ్చేశాయి. అంటే మీ కంటికి అవన్నీ కనపడుతూనే ఉన్నాయి. మీ మనసు మొద్దుబారిపోలేదని నాకు ధైర్యం కలిగింది అక్కడే.

చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం ఎంత పనో మీకు నేను చెప్పక్కర్లేదు. అర కిలో కాయలైనా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవాలి. ముచ్చిక దగ్గర గోటితో తుంచి, ఒక పక్క ఈనె చివరిదాకా లాగి, తిప్పి రెండో పక్కా లాగాలి. ముదురు కాయ అయితే విప్పి పురుగుందేమో చూడాలి. అయ్యేసరికి బొటనవేలి గోరు నల్లబడుతుంది. పొద్దున్నే లేచి మీరు ఆ పని పెట్టుకుంటే పిల్లల బాక్సులు కట్టి టైముకి ఆఫీసుకి వెళ్ళగలరా? అది తెలిసే ఆవిడ ముందే కూర్చుని తీసి పెడుతున్నారు. బల్లి పడకుండా, కాయ వాడిపోకుండా మూత కూడా పెడుతున్నారు.

కృతజ్ఞత అనే మాటని విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసిన అని. ఎదుటివాళ్ళు చేసినది మనకి తెలిసి ఉండటం, అంతే ఆ మాటకి అర్థం. దానికి ఎదురు మాట కృతఘ్నత. ఘ్న అంటే చంపేది. చేసినదాన్ని లేనట్టు చేసేయడం. ఈ రెండు మాటల్లోనూ థాంక్యూ లేదు, తల వంచడం లేదు, ఒకరు ఎక్కువ ఒకరు తక్కువ అవడం లేదు. మీ ప్రశ్నలన్నిటికీ నేను ఈ అర్థం పట్టుకునే జవాబు చెబుతాను.

ముందు నోట్‌బుక్ సంగతి. ఆ వీడియోలో చెప్పింది అబద్ధం కాదు. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఈ పని చేయించారు. కొందరిని తమకి మేలుగా అనిపించిన వాటిని, కొందరిని చిరాకు పెట్టిన వాటిని, ఇంకొందరిని ఆ వారంలో జరిగిన వాటిని రాయమన్నారు. మేలు రాసుకున్నవాళ్ళు తమ జీవితం మీద ఎక్కువ తృప్తి చూపించారు, ఒంట్లో బాధల గురించి తక్కువ చెప్పారు. కానీ వాళ్ళు రాసింది రోజూ కాదు, వారానికి ఒక్కసారి, పది వారాలు. తర్వాత సోనియా లిబొమర్స్కీ అనే మరో శాస్త్రవేత్త బృందం వారానికి ఒకసారి రాసినవాళ్ళనీ మూడుసార్లు రాసినవాళ్ళనీ పోల్చి చూస్తే, ఒకసారి రాసినవాళ్ళకే ఫలితం కనపడింది. రోజూ రాస్తే అది హోంవర్క్ అయిపోతుంది. మీకు జరిగింది అదే. మీలో లోపం ఏమీ లేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. 2021లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి 27 అధ్యయనాలను కలిపి చూశారు. డిప్రెషన్, ఆందోళన లక్షణాల మీద ఈ రాతల ప్రభావం కొద్దిగానే ఉందని తేల్చారు. అందుకే, నిద్ర పట్టడం లేదని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసినదాన్ని నేను వదలను. మనసు దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం రెండు వారాలు దాటి సాగితే డాక్టరు చూడాల్సిందే. మీ వయసులో థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువై నీరసంగా ఉన్న మనిషికి అందరి మీదా చిరాకు రావడంలో వింతేముంది? డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇప్పుడు ఆ తప్పు చేసినట్టు ఉండటం గురించి. ఇది మీ ఒక్కరి బాధ కాదు. 2017లో అమెరికన్ల మీదా భారతీయుల మీదా చేసిన ఒక అధ్యయనంలో, కృతజ్ఞతను తలచుకుంటూ రాసినప్పుడు మనవాళ్ళలో సంతోషంతో పాటు అపరాధ భావం, విచారం కూడా పెరిగాయి. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మనం మేలుని ఎప్పుడూ అప్పు లెక్కలోనే చూస్తాం. ‘మీకు ఋణపడి ఉంటాను’ అంటాం. ‘ఈ ఋణం ఎలా తీర్చుకోను’ అంటాం. తల్లి ఋణం, తండ్రి ఋణం, గురు ఋణం, అన్నీ ఋణాలే. అందులో అందం ఉంది, కాదనను. కానీ ఎవరైనా చేసింది గుర్తుకు రాగానే ‘మరి నేనేం చేశాను’ అనే లెక్క కూడా వెంటనే మొదలవుతుంది. లెక్క తేలదు. అప్పులవాడు వీధిలో ఎదురుపడితే తప్పుకున్నట్టు మనం ఆ మనిషి నుంచే తప్పుకోవడం మొదలుపెడతాం. అత్తగారు చేసిన పని చూసి మీకు ఒళ్ళు మండటంలో ఇదీ కొంత ఉందేమో ఆలోచించండి.

‘ఎంతోమందికి ఇంత కూడా లేదు కదా’ అని మనసుని దబాయించడం కూడా మానేయండి. ఇంకొకరి లేమిని చూసి మన కష్టాన్ని నోరు మూయించడానికీ, మనకి ఒకరు చేసినది తెలుసుకోవడానికీ సంబంధం లేదు.

కనుమ రోజు మన ఊళ్ళలో ఏం చేస్తారో చూసే ఉంటారు. ఎడ్లని, ఆవుల్ని చెరువుకి తోలుకెళ్ళి కడుగుతారు, కొమ్ములకి రంగులేస్తారు, మెడలో గంటలు కడతారు, నుదుట బొట్టు పెడతారు, కడుపునిండా మేత పెడతారు. ఏడాదంతా కాడి మోసిన ఎద్దు ఋణం ఒక్క రోజులో తీరిపోతుందని ఏ రైతూ అనుకోడు. ఆ రోజు దానికి పని చెప్పడు, దాన్నే చూస్తాడు. మన పద్ధతి అది. మాటకంటే చెయ్యి ముందు కదులుతుంది.

మీ ఆయన నవ్వడం కూడా అందుకే. ఆయన మిమ్మల్ని తీసిపారేశారని నేను అనుకోను. ‘థాంక్యూ అండీ’ అని బ్యాంకు కౌంటరు దగ్గరా, ఆఫీసులోనూ అంటాం. ఇంట్లో అంటే పరాయివాళ్ళతో మాట్లాడినట్టుంటుంది. ‘మనలో మనకి థాంక్సేంటి’ అనే మాట వినని తెలుగువాళ్ళుండరు. ‘ధన్యవాదాలు’ అన్నామంటే ఇక చేతికి మైకు ఇచ్చినట్టే. ఇది మన మొరటుతనమేమీ కాదు. 2018లో కొందరు భాషా శాస్త్రవేత్తలు ఐదు ఖండాల్లోని ఎనిమిది భాషలవాళ్ళు ఇళ్ళలో, ఊళ్ళలో మామూలుగా మాట్లాడుకునే మాటల్ని వీడియో తీసి పరిశీలించారు. అడిగిన చిన్నచిన్న సాయం అందాక నోటితో థాంక్స్ చెప్పింది సుమారు ఇరవైలో ఒక్కసారే. ఇంగ్లీషు, ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు కాస్త ఎక్కువ చెప్పారు. ఈక్వడార్‌లోని ఒక భాషలోనైతే థాంక్స్ చెప్పడానికి అలవాటైన మాటే లేదు. ఆ ఎనిమిదింటిలో తెలుగు లేదు గానీ, మన ఇళ్ళలో వీడియో తీసినా అంతే కనపడుతుందని నా నమ్మకం. ఉప్పు డబ్బా అందించిన అక్కకి చెల్లెలు థాంక్స్ చెప్పదు. చెప్పాల్సిన అవసరం లేనంత దగ్గరగా ఉన్నారు కాబట్టి చెప్పదు.

అయితే ఆ దగ్గరతనాన్ని అడ్డం పెట్టుకుని ఏళ్ళ తరబడి ఏమీ అనకుండా ఉండిపోవడం కూడా మన ఇళ్ళలోనే ఉంది. దీని గురించి నా సొంత సంగతి చెబుతాను.

మా ఊళ్ళో హైస్కూలు లేక, తొమ్మిదో తరగతి, పదో తరగతి పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. ఆ ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. లాంతరు దగ్గరే చదువు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నా లాంతరు చిమ్నీ తళతళలాడుతూ ఉండేది. పిన్ని చిమ్నీని రెండు చేతులతో పట్టుకుని, లోపలికి ‘హా’ అని ఊపిరి వదిలి, ఆ ఆవిరి ఆరకముందే పాత పంచె గుడ్డ దూర్చి తిప్పేది. మసి వదలకపోతే కాస్త ముగ్గు పొడి. తర్వాత ఒత్తి కాలిన అంచు కత్తిరతో సమంగా కోసేది. రెండేళ్ళలో ఒక్క రోజు కూడా నేను మసి పట్టిన చిమ్నీతో చదవలేదు. ఆ వయసులో నాకు అదొక పని అనే తెలియదు. లాంతరు అలాగే ఉంటుంది అనుకున్నాను.

ముప్పై ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో పిన్ని పక్కన కూర్చుని ఉండగా కరెంటు పోయింది. ఆ చీకట్లో నాకు లాంతరు గుర్తొచ్చి అన్నాను, ‘పిన్నీ, నువ్వు రోజూ చిమ్నీలోకి ఊపిరి ఊది తుడిచేదానివి, ఆ వెలుగులోనే నేను పది పాసయ్యాను’ అని. పిన్ని ఒక నిమిషం మాట్లాడలేదు. ‘అది నీకు గుర్తుందా!’ అంది. తర్వాత నా చెయ్యి తీసుకుని తన అరచేతిలో ఒక గీత లాంటి మచ్చ మీద పెట్టింది. ఒకరోజు చిమ్నీ పగిలి అరచెయ్యి తెగిందట. నాకు పరీక్షలని, చూస్తే కంగారు పడతానని గుడ్డ చుట్టుకుని, వేలికి ఏదో గీరుకుందని చెప్పిందట. బాబాయి సైకిలు మీద పక్క ఊరు వెళ్ళి కొత్త చిమ్నీ తెచ్చాడట. రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియని సంగతి అది. ఆ రోజు నుంచి పిన్ని చనిపోయేదాకా మేమిద్దరం వారానికోసారి ఫోన్లో మాట్లాడుకున్నాం. అంతకు ముందు పండక్కో పబ్బానికో పలకరించుకునేవాళ్ళం.

నేను ఆ మాట ముప్పై ఏళ్ళు ఎందుకు అనలేదు? ఇబ్బందిగా ఉంటుందేమో, ఎబ్బెట్టుగా ఉంటుందేమో అని. 2018లోనే అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ఇదే విషయాన్ని పరీక్షించారు. తమకి మేలు చేసినవాళ్ళకి ఉత్తరాలు రాయించి, అది అందినవాళ్ళకి ఎలా ఉంటుందో ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్ళని అడిగారు. రాసినవాళ్ళు అనుకున్నంత ఇబ్బంది వాళ్ళకి కలగలేదు, సంతోషం మాత్రం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కలిగింది. మనం మాటలు సరిగ్గా కుదిరాయా అని చూసుకుంటాం. వినేవాళ్ళు మన మనసు చూస్తారు.

ఇప్పుడు అత్తగారి దగ్గరికి వద్దాం. మీకు ఒళ్ళు మండించే ఆ మాట, ‘నేను లేకపోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో’. ఆవిడ ఎవరిముందు అంటున్నారు? చుట్టాల ముందు. ఇంట్లోవాళ్ళు అనకపోతే మనిషి తన పని తానే చెప్పుకుంటుంది. మీరు నాకు రాసిన ఉత్తరంలో కూడా ‘నేను చేసేది ఎవరికీ కనపడదా’ అని ఉంది. ఆవిడ మాటకీ మీ మాటకీ తేడా నాకు కనపడలేదు. మీ ఇద్దరికీ ఒకే ఆకలి ఉంది.

విచిత్రం ఏంటంటే, ఆ ‘లేకపోతే’ అనే మాటే మీకు పనికొస్తుంది. 2008లో ఒక అధ్యయనంలో కొందరిని తమ జీవిత భాగస్వామి ఎలా పరిచయమయ్యారో రాయమన్నారు, మరికొందరిని అసలు పరిచయమే కాకపోయి ఉంటే ఎలా ఉండేదో రాయమన్నారు. లేకపోయి ఉంటే అని ఊహించినవాళ్ళకే తమ బంధం మీద తృప్తి ఎక్కువ కలిగింది. ఉన్నదాన్ని ఎంత తలచుకున్నా అలవాటైపోయి కనపడదు. ఒక్కసారి తీసేసి చూస్తే కనపడుతుంది. ఈసారి ఆవిడ ఆ మాట అన్నప్పుడు కోపం తెచ్చుకునే ముందు నిజంగానే ఊహించండి. ఆవిడ రెండు నెలలు కూతురి ఇంటికి వెళ్ళారనుకోండి. స్కూలు నుంచి వచ్చే పిల్లాడికి తలుపు తీసేదెవరు? గ్యాస్ బండ వస్తే తీసుకునేదెవరు? ఆ చిక్కుడుకాయలు?

ఇక ఆవిడతో ఏమనాలి? థాంక్స్ అనొద్దు. చేసిన పని పేరు చెప్పి, దానివల్ల మీకేం జరిగిందో చెప్పండి. ‘అత్తయ్యా, మీరు ఈనెలు తీసి ఉంచబట్టి ఇవాళ కంగారు లేకుండా బయల్దేరాను.’ చాలు, ఇంతకంటే వద్దు. చెప్పి మీ పనిలోకి వెళ్ళిపోండి, ఆవిడ ముఖం చూస్తూ జవాబు కోసం నిలబడొద్దు. మన ఇళ్ళలో ఎదురుగా చెప్పడం కష్టమైతే ఇంకో దారి ఉంది, తరాల నుంచి ఉన్నదే. పక్కవాళ్ళకి చెప్పడం. మీ ఆడపడుచు ఫోన్ చేసినప్పుడు అత్తయ్యకి వినపడేలా, ‘పిల్లాడి సంగతి నాకు బెంగ లేదు వదినా, అత్తయ్య ఉన్నారుగా’ అనండి. ఆ మాట రెండు ఇళ్ళలో తిరుగుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు ఆవిడకంటే ముందే మీరే అనేయండి. అప్పుడు ఆవిడ ఆ మాట అనాల్సిన అవసరం ఎన్నాళ్ళు ఉంటుందో చూడండి.

మీ ఆయన విషయంలో ఒక్క చిన్న మాట మీద జాగ్రత్తగా ఉండమంటాను. ‘గానీ’. ‘పెట్రోలు కొట్టిస్తారు గానీ, కూరగాయలు తెచ్చిన పాపాన పోరు’ అన్నామంటే మొదటి సగం గాలికి పోతుంది. ఆయనకి రెండో సగమే వినపడుతుంది. నాకూ ఆ అలవాటు ఉండేది, వదిలించుకోవడానికి ఏళ్ళు పట్టింది. చేసినది చెప్పేటప్పుడు చేసినదే చెప్పండి, అక్కడ ఆపేయండి. చేయనిది చెప్పడానికి వేరే రోజు పెట్టుకోండి.

చెప్పే తీరులో కూడా ఒక తేడా ఉంది. సారా ఆల్గో అనే శాస్త్రవేత్త బృందం 2016లో దంపతుల సంభాషణల్ని గమనించింది. ‘నాకు హాయిగా అనిపించింది’ అని తమ లాభం గురించే చెప్పుకున్నప్పటి కంటే, చేసిన మనిషిలోని మంచిని చెప్పినప్పుడు విన్నవాళ్ళకి ఎక్కువ సంతోషం కలిగింది. కాబట్టి ‘బండిలో పెట్రోలు ఉంది, బాగుంది’ దగ్గర ఆగకుండా, ‘ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా మర్చిపోలేదు మీరు, అంత గుర్తు నాకుండదు’ అనండి. ఆయన అప్పుడు కూడా నవ్వొచ్చు. నవ్వనివ్వండి. సిగ్గుపడే మగవాళ్ళు ఎక్కువగా చేసేది అదే.

ఇక లోకువ. ఇది మీ అసలు భయం, దీన్ని తేలిగ్గా తీసేయను. కృతజ్ఞత పేరు చెప్పి ఆడవాళ్ళని నోరు మూయించడం మన దగ్గర చాలా ఉంది. ‘నీకేం తక్కువైంది’ అనే మాట అలాంటిదే. నేను మీకు చెబుతున్నది దాని గురించి కాదు. చేసినది తెలిసి ఉండాలి అన్నప్పుడు, మీరు చేసింది కూడా ఆ లెక్కలోకి రావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనిలో గడిపారు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళే నూటికి 26 మంది. మీరు ఆఫీసు చేసి వచ్చి మళ్ళీ ఇంటి పని చేస్తున్నారు. మీకు అలసట ఉంది, ఆ అలసటకి కారణం ఉంది. ఆయన పెట్రోలు కొట్టించడాన్ని మెచ్చుకోవడమూ, కూరగాయలు ఆయనే తేవాలని అడగడమూ రెండూ మీరే చేయొచ్చు. ఒకటి చేస్తే రెండోదానికి హక్కు పోదు. నాకు తెలిసినంతలో, తన పని చూసినవాళ్ళు అడిగితే మనిషి వింటాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యి అందరూ కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పండి. ‘వారంలో మూడు రోజులు కూరగాయలు మీరు తేవాలి, పిల్లాడి లెక్కలు మీరు చూడాలి’ అని, పనుల పేర్లతో. అంతకంటే ముఖ్యంగా, మీరు నాకు రాసిన మాట ఆయనతో అనండి. ‘నేను చేసేది మీకు కనపడుతోందని నాకు వినాలని ఉంది.’ ఈ మాట అనడానికి సిగ్గుపడొద్దు. మనవాళ్ళు అర్థం చేసుకోవాలి, నేను అడక్కూడదు అనుకుంటూ మనం చాలా ఏళ్ళు పోగొట్టుకుంటాం. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, తిట్టడం, డబ్బు లాక్కోవడం లాంటివి ఏవైనా ఉండి మీరు రాయకపోతే, పైన చెప్పినవేవీ వాటికి మందు కావు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

పిల్లల్ని ‘నానమ్మకి థాంక్స్ చెప్పు’ అని నిలబెట్టొద్దు. మీరు అనే మాటలు వాళ్ళు వింటారు, అదే వస్తుంది.

ఆ నోట్‌బుక్ పారేయకండి. రోజూ రాయడం మానేసి శనివారం రాత్రి ఒక్కటే రాయండి. ఎవరు, ఏం చేశారు, అది లేకపోతే ఆ రోజు ఎలా ఉండేది. ఉదాహరణకి, ‘బుధవారం వాన. ఆఫీసు నుంచి లేటుగా వచ్చేసరికి మేడ మీద బట్టలన్నీ తీసి మడతపెట్టి ఉన్నాయి. అమ్మాయి చదువుకుంటూ మధ్యలో లేచి తీసిందట. లేకపోతే గురువారం అబ్బాయి తడి యూనిఫాంతోనే స్కూలుకి వెళ్ళేవాడు.’ ఇంతే. ఏ వారం ఏమీ తోచకపోతే ఏమీ రాయొద్దు. అప్పుడప్పుడు ఆ పేజీలో మీరు చేసింది కూడా రాయండి, మీ పేరుతోనే. అందులో గొప్పలేమీ లేవు, అది కూడా జరిగిన పనే.

చివరగా ఒక పని. మీకు వీలున్న ఒక రాత్రి, టీవీ కట్టేశాక, అత్తయ్యగారి పక్కన కూర్చుని మీరు కూడా చిక్కుడుకాయలు అందుకోండి. ఈనె తెగకుండా చివరిదాకా లాగడం ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఆవిడ ఏం చెప్పారో నాకు మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.